బండి క్లచ్ స్లిప్ అవుతోందా? వైరు నుంచి ప్లేట్ల దాకా వరసగా చూసుకునే పద్ధతి

రేస్ ఇస్తే ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం ముందుకు పోదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, వెనకాల మనిషి కూర్చున్నప్పుడు ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. "క్లచ్ ప్లేట్లు ఇంట్లోనే ఎలా మార్చుకోవాలి?" అని అడిగేవాళ్లందరికీ నేను ముందు చెప్పేది ఒకటే. ఇంజిన్ కవర్ మీద స్పానర్ పెట్టే ముందు క్లచ్ వైరు చూడండి, ఆ తర్వాత ఆయిల్ చూడండి. రెండూ బాగుండి కూడా స్లిప్ అవుతుంటేనే ప్లేట్ల దాకా వెళ్లండి.

ఈ వరస తప్పితే డబ్బు దండగ. వైరు బిగుసుకుపోయిన బండికి కొత్త ప్లేట్లు వేస్తే అవీ త్వరలోనే కాలిపోతాయి, ఎందుకంటే అసలు జబ్బు అలాగే ఉంది.

ఇక్కడ చెప్పేదంతా మనం రోజూ నడిపే 100 నుంచి 200 సీసీ గేర్ల బండ్ల గురించి. వీటిలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే తిరుగుతాయి, లివర్ నుంచి వైరు వస్తుంది. గేర్లు లేని స్కూటర్ల క్లచ్ వేరే రకం, వాటికి ఈ పద్ధతి పనికిరాదు.

1. అసలు క్లచ్చేనా, ఇంకేమైనానా?

పికప్ తగ్గిందనగానే క్లచ్ అనుకోవద్దు. తేడా చెవితోనే పట్టుకోవచ్చు. క్లచ్ స్లిప్ అయితే ఇంజిన్ శబ్దం పెరుగుతుంది, స్పీడ్ పెరగదు. ఇంజిన్‌లోనే బలం తగ్గితే శబ్దమూ పెరగదు, స్పీడూ పెరగదు. బ్రేక్ పట్టేసినా, టైర్లలో గాలి తగ్గినా అంతే.

చైన్ స్ప్రాకెట్ పళ్లు అరిగితే చైన్ జారుతుంది. అప్పుడు టక్ టక్‌మని కుదుపు వస్తుంది. క్లచ్ జారడంలో ఆ కుదుపు ఉండదు, మెత్తగా జారిపోతుంది.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. క్లచ్ పూర్తిగా నొక్కినా బండి ముందుకు లాగుతోంది, న్యూట్రల్ పడటం లేదు అంటారు. అది స్లిప్ కాదు, దానికి సరిగ్గా ఎదురు జబ్బు. అక్కడ క్లచ్ పూర్తిగా విడటం లేదు. దానికి వైరు కొంచెం బిగించాలి. స్లిప్‌కు వదులు చేయాలి. తారుమారు చేస్తే ఉన్న జబ్బు ఇంకా పెరుగుతుంది.

రోడ్డు మీద పరీక్ష ఇలా చేయండి.

- ఇంజిన్ బాగా వేడెక్కేదాకా పది పదిహేను నిమిషాలు నడపండి. చల్లగా ఉన్నప్పుడు బయటపడని స్లిప్ వేడి మీద బయటపడుతుంది.
- ఖాళీగా, చదునుగా ఉన్న రోడ్డు మీద టాప్ గేర్‌లో 40 కి.మీ. దగ్గర నిలకడగా పోనివ్వండి.
- ఒక్కసారిగా రేస్ పూర్తిగా తిప్పండి.
- శబ్దం, స్పీడ్ కలిసి నెమ్మదిగా పెరిగితే క్లచ్ బాగుంది. శబ్దం ముందు ఎగబాకి స్పీడ్ వెనకబడితే స్లిప్ ఉంది.

గోడకు ముందు చక్రం ఆనించి, ఫస్ట్ గేర్‌లో క్లచ్ వదిలి చూసే పద్ధతి కూడా ఉంది. క్లచ్ మంచిదైతే ఇంజిన్ ఆగిపోవాలి. నేను దీన్ని మరీ అనుమానం ఉంటేనే చేస్తాను, అదీ ఒక్కసారి, రెండు మూడు సెకన్లే. పదే పదే చేస్తే మిగిలి ఉన్న ప్లేటు కూడా కాలిపోతుంది.

2. ముందు వైరు చూడండి

లివర్‌ను వేలితో మెల్లగా లాగండి. మొదట కొంత దూరం ఖాళీగా వస్తుంది, తర్వాత బరువు తగులుతుంది. ఆ ఖాళీనే ఫ్రీ ప్లే అంటారు. మన దగ్గరి చాలా బండ్లకు లివర్ కొస దగ్గర కొలిస్తే అది 10 నుంచి 20 మి.మీ. ఉండాలి. మీ బండికి ఎంతో యజమాని పుస్తకంలో రాసి ఉంటుంది, అదే పాటించండి.

ఖాళీ అస్సలు లేకపోతే మీరు లివర్ పట్టుకోకపోయినా వైరు క్లచ్‌ను కొద్దిగా లాగి ఉంచుతోందని అర్థం. స్ప్రింగుల బలం ప్లేట్ల మీద పూర్తిగా పడదు. అందుకే జారుతుంది.

సెట్టింగ్ చేసే తీరు:

- ముందు లివర్ దగ్గర రబ్బరు తొడుగు వెనక్కి జరిపి, లాక్ నట్టు వదులు చేసి, అడ్జస్టర్‌ను దాదాపు పూర్తిగా లోపలికి తిప్పండి.
- తర్వాత ఇంజిన్ దగ్గర వైరు కింది కొస చూడండి. అక్కడి రెండు నట్లతో పెద్ద సర్దుబాటు చేసి, ఖాళీని కావలసినంతకు దగ్గరగా తీసుకురండి.
- చివరి చిన్న సర్దుబాటు మళ్లీ పైన లివర్ దగ్గర.
- లాక్ నట్లు బిగించాక మళ్లీ ఒకసారి కొలవండి. బిగించేటప్పుడు కొలత కొంచెం మారుతుంది.

ఇప్పుడు హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి చూడండి. రెండు వైపులా ఖాళీ అంతే ఉండాలి. ఒక వైపు తిప్పితే బిగుసుకుంటోందంటే వైరు ఎక్కడో ఇరుక్కుంది, లేదా దారి తప్పి వేశారు. కొత్త హెడ్‌లైటో, ఫోన్ హోల్డరో పెట్టించాక మొదలైన స్లిప్ అయితే ఇక్కడే వెతకండి.

వైరు లోపల తుప్పు పట్టినా ఇదే జబ్బు వస్తుంది. లివర్ వదిలితే టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వస్తుంటే వైరు పై కొస ఊడదీసి, లోపలికి పల్చటి ఆయిల్ చుక్క చుక్కగా దించండి. పోగులు తెగి ఉంటే ఆయిల్‌తో పని లేదు, వైరు మార్చేయండి. ఇంజిన్ దగ్గర వైరు తగిలించే చిన్న ఆర్మ్‌ను కూడా చేత్తో కదిపి చూడండి. బురద గట్టిపడి అది కూడా పట్టేస్తుంటుంది.

సెట్టింగ్ అయ్యాక రోడ్డు పరీక్ష మళ్లీ చేయండి. స్లిప్ పోతే పని అక్కడితో ఆపేయండి. కవర్ విప్పొద్దు.

స్లిప్ పోయినా ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ట్రాఫిక్‌లో రెండు వేళ్లు ఎప్పుడూ లివర్ మీదే ఉంచి నడిపే అలవాటు ఉంటే ఎంత మంచి సెట్టింగ్ చేసినా ప్రయోజనం ఉండదు. వేళ్ల బరువు కూడా వైరును లాగుతుంది. సిగ్నల్ దగ్గర, ఎత్తు మీద బండిని హాఫ్ క్లచ్‌తో నిలబెట్టడం కూడా అంతే, అక్కడ బ్రేక్ వాడండి.

3. తర్వాత ఆయిల్

ఇది నాకు స్వయంగా జరిగింది. కారుకు పోయగా మిగిలిన ఆయిల్ డబ్బా ఇంట్లో ఉంది. దాని మీద 10డబ్ల్యూ-30 అని ఉంది, నా బండికీ అదే గ్రేడ్ కదా అని పోశాను. ఊళ్లో తిరిగినన్ని రోజులూ ఏ తేడా తెలియలేదు. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే మూడో గేర్‌లో ఇంజిన్ గొంతు పెరుగుతోంది, స్పీడ్ ముల్లు కిందికి దిగుతోంది. వెనక మా ఆవిడ, మధ్యలో సంచి. మలుపు మలుపుకీ బండి ఆపి, చల్లారనిచ్చి, రెండో గేర్‌లో పైకి చేరాం.

గ్రేడ్ సరిపోతే చాలదు. కారులో క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లో మునగదు. అందుకే కారు ఆయిళ్లు చాలావాటిలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. మన బండి క్లచ్ పట్టు నిలిచేది ఆ రాపిడి మీదే.

డబ్బా మీద చూడాల్సినవి:

- జాసో (బండ్ల ఆయిళ్లకు జపాన్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఆయిల్‌లో తిరిగే క్లచ్‌కు ఇవే సరైనవి.
- జాసో ఎంబీ అని ఉంటే అది స్కూటర్ల లాంటి వాటికి. గేర్ల బండికి వద్దు.
- గుండ్రటి ముద్రలో ఎనర్జీ కన్జర్వింగ్ అనో, రిసోర్స్ కన్జర్వింగ్ అనో ఉంటే పక్కన పెట్టేయండి.
- గ్రేడ్ మీ బండి పుస్తకంలో రాసిందే కావాలి.

ఆయిల్‌లో కలిపే పికప్ మందులు, మైలేజ్ మందులు ఏవైనా పోసి ఉంటే అవి కూడా స్లిప్‌కు కారణం కావచ్చు. లెవెల్ మించి పోసినా మంచిది కాదు.

తప్పు ఆయిల్ పడిందని తేలితే, ఇంజిన్ గోరువెచ్చగా ఉండగా పూర్తిగా దించి సరైన ఆయిల్ పోయండి. 200, 300 కి.మీ. నెమ్మదిగా నడిపి చూడండి. ప్లేట్లు కాలకపోతే పట్టు తిరిగి రావచ్చు. నా బండికి రాలేదు. ఘాట్ మీదే ప్లేట్లు మాడిపోయాయి.

4. విప్పే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

వైరు బాగుంది, ఆయిల్ సరైనదే, అయినా జారుతోంది. ఇప్పుడు కవర్ విప్పాలి. సగం పని తయారీలోనే ఉంటుంది. ఆదివారం సాయంత్రం బండి విప్పి, ప్యాకింగ్ లేదని షాపు కోసం తిరిగితే సోమవారం ఆఫీసుకు బస్సే గతి.

సామాన్లు:

- ఫ్రిక్షన్ ప్లేట్ల సెట్, అంటే రాపిడి ముక్కలు అతికించిన ప్లేట్లు
- స్టీల్ ప్లేట్లు (అవసరం లోపల చూశాకే తెలుస్తుంది, షాపులో స్టాకు ఉందో లేదో ముందే కనుక్కోండి)
- స్ప్రింగుల సెట్
- క్లచ్ కవర్ ప్యాకింగ్, డ్రెయిన్ బోల్టు వాషరు
- సరిపడా ఆయిల్

పనిముట్లు:

- 8, 10 నంబర్ టీ-స్పానర్లు, డ్రెయిన్ బోల్టుకు సరిపోయే రింగు స్పానర్
- పాత బండికి స్టార్ స్క్రూలు ఉంటే ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్
- టార్క్ రెంచ్, అంటే బిగింపు బలం (టార్క్) కొలిచి చూపే స్పానర్ (అద్దెకో, తెలిసిన మెకానిక్ దగ్గరో తెచ్చుకోవచ్చు)
- వెర్నియర్ (మందం కొలిచేది), ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు), చదునైన గాజు పలక
- ఆయిల్ పట్టే బేసిన్, నూలు రాని గుడ్డలు, ఒక పెద్ద అట్టముక్క

కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను ముందు రోజు రాత్రే కొత్త ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టండి. వెడల్పు గిన్నెలో విడివిడిగా మునగాలి. పొడి ప్లేట్లు నేరుగా బిగిస్తే మొదటి కిలోమీటర్‌లోనే మాడే ప్రమాదం ఉంది.

ప్లేట్లు బండి మోడల్, తయారైన సంవత్సరం చెప్పి కొనండి. "అన్నిటికీ సరిపోతాయి" అనే సెట్లు నేను తీసుకోను. పాత ప్లేటు ఒకటి పక్కన పెట్టి పళ్లు, వెడల్పు, మందం పోల్చుకున్నాకే కొత్తవి లోపలికి వెళ్లాలి.

5. కవర్ విప్పడం

చాలా బండ్లకు క్లచ్ కుడి వైపు ఉంటుంది. పాత బుల్లెట్ లాంటివాటికి ఎడమ వైపు. వైరు ఇంజిన్‌లోకి వెళ్లే చోటును మాత్రమే చూసి నిర్ణయించుకోవద్దు, పుస్తకంలో చూసుకోండి.

- బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆయిల్ దించండి. మరీ వేడి మీద చేస్తే చేతులు కాలతాయి.
- దించిన ఆయిల్‌ను మురికి కాలువలో పోయొద్దు. డబ్బాలో పట్టి గ్యారేజీలో ఇవ్వండి.
- క్లచ్ వైరును ఆర్మ్ నుంచి తప్పించండి.
- అడ్డు వచ్చే కిక్ రాడ్, ఫుట్‌రెస్ట్, బ్రేక్ పెడల్ తీయండి. కొన్నింటికి సైలెన్సర్ కూడా కదిలించాలి.
- కవర్ బోల్టులు కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా వదులు చేయండి.

అట్టముక్క అవసరం ఇక్కడే. దాని మీద కవర్ ఆకారం గీసి, బోల్టు ఉన్న ప్రతి చోటా కన్నం పెట్టి, తీసిన బోల్టును దాని కన్నంలోనే గుచ్చండి. కవర్ బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. పొడవు బోల్టు పొట్టి కన్నంలో పడితే అల్యూమినియం కేసు పగులుతుంది. అది క్లచ్ ఖర్చు కన్నా చాలా పెద్ద ఖర్చు.

కవర్ రాకపోతే స్క్రూడ్రైవర్ సందులో దూర్చి ఎత్తొద్దు. ఆ గీత నుంచే రేపు ఆయిల్ కారుతుంది. రబ్బరు సుత్తితో చుట్టూ మెల్లగా తట్టండి. కవర్ వచ్చేటప్పుడు రెండు గైడ్ పిన్నులు కింద పడొచ్చు, చూసుకోండి.

లోపల కనిపించేదాన్ని ముందు ఫోటో తీయండి. తర్వాత ప్రతి మెట్టుకూ ఒక ఫోటో.

6. ప్లేట్లు బయటికి తీయడం

స్ప్రింగుల బోల్టులను ఒక్కొక్కటి పూర్తిగా విప్పకండి. ఎదురెదురుగా ఒక్కో చుట్టు చొప్పున వదులు చేస్తూ రండి. ఒక పక్క మాత్రమే విప్పితే ప్లేటు వంకరగా లేచి, బోల్టులు ఎక్కే అల్యూమినియం గుబ్బలు (బాస్‌లు) విరుగుతాయి.

ఇక్కడి నుంచి బండ్లు రెండు రకాలు. కొన్నింటిలో స్ప్రింగులు తీయగానే ప్రెజర్ ప్లేట్ (మిగతా ప్లేట్లను నొక్కి పట్టేది) చేతికి వస్తుంది, వెనకాలే ప్లేట్లన్నీ ఒక్కొక్కటిగా లాగేయొచ్చు. మన 100-150 సీసీ బండ్లు చాలావాటిలో మాత్రం ప్రెజర్ ప్లేట్ లోపలి వైపు ఉంటుంది. మధ్యలో సర్క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) గానీ లాక్ నట్టు గానీ తీస్తేనే హబ్ (ప్లేట్ల మధ్యలో ఉండే భాగం), ప్లేట్లు అన్నీ ఒక కట్టగా బయటికి వస్తాయి.

లాక్ నట్టుకు గాట్లు ఉంటే దాని కోసం ప్రత్యేక సాకెట్ దొరుకుతుంది. అదే వాడండి. ఉలి పెట్టి సుత్తితో కొట్టడం చాలా చోట్ల చూస్తాం. దానివల్ల నట్టు పాడవుతుంది, షాఫ్ట్ బేరింగ్ మీద దెబ్బ పడుతుంది. సాకెట్ లేకపోతే ఆ ఒక్క పనికి మెకానిక్‌ను పిలవడం నయం. నట్టు తిప్పేటప్పుడు షాఫ్ట్ తిరగకుండా టాప్ గేర్ వేసి, ఇంకొకరిని వెనక బ్రేక్ గట్టిగా పట్టి ఉంచమనండి (పెడల్ తీసి ఉంటే ఈ పనికి మళ్లీ తగిలించుకోండి).

నట్టు కింది వాషరు ఏ వైపు బయటికి ఉందో ఫోటో తీయండి. కొన్నింటి మీద బయటి వైపు గుర్తు కొట్టి ఉంటుంది.

7. ఏది పనికొస్తుంది, ఏది పోయింది

ప్లేట్లు వచ్చిన వరసలోనే పాత న్యూస్‌పేపర్ మీద పరవండి. నా బండివి అలా పరిచినప్పుడు ముందు ముక్కుకే తెలిసింది, కాలిన కాగితం, మాడిన నూనె కలిసిన వాసన. ఫ్రిక్షన్ ప్లేటు మీది ముక్కలు గోధుమ రంగు పోయి, బొగ్గులా నల్లబడి, అద్దంలా మెరుస్తున్నాయి. గోరుతో గీస్తే రాలి పొడి చేతికంటింది. స్టీల్ ప్లేట్ల మీద నెమలి కంఠం రంగు మరకలు, రౌండుగా. ఆ నీలం రంగు కనిపిస్తే ప్లేటు బాగా వేడెక్కిందని గుర్తు.

ఫ్రిక్షన్ ప్లేట్లు: వెర్నియర్‌తో ఒక్కో ప్లేటును మూడు నాలుగు చోట్ల కొలవండి. చిన్న బండ్లలో చాలావాటికి కొత్త ప్లేటు సుమారు 3 మి.మీ. మందం ఉంటుంది. 2.6 దగ్గరికి వచ్చిందంటే దాని పని అయిపోయినట్టే. మీ బండి అసలు లిమిట్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. మందం ఉన్నా నల్లగా మెరుస్తుంటే మార్చాల్సిందే. ఎమరీ పేపర్‌తో రుద్ది మళ్లీ వేయడం కొన్నాళ్లకే.

స్టీల్ ప్లేట్లు: గాజు పలక మీద పెట్టి, కింద 0.2 మి.మీ. ఫీలర్ దూరుతుందేమో చుట్టూ చూడండి. దూరితే ప్లేటు వంగింది. నీలం మరకలు లేకుండా, చదునుగా ఉంటే తుడిచి వాడుకోవచ్చు.

స్ప్రింగులు: కొత్త స్ప్రింగు పక్కన నిలబెట్టండి. పాతది పొట్టిగా ఉంటే బలం తగ్గినట్టు. ఒకటి రెండు మార్చడం కుదరదు, సెట్ మొత్తం మార్చాలి. ప్లేట్లు మార్చి స్ప్రింగులు పాతవే వేసిన బండ్లు మళ్లీ స్లిప్‌తో రావడం నేను చాలా చూశాను. ఇంత విప్పాక స్ప్రింగుల దగ్గర పొదుపు చేయకండి.

ప్లేట్లు కూర్చునే బుట్ట లాంటి భాగమే బాస్కెట్, దాని వేళ్ల మీద ప్లేట్ల పళ్లు తగిలి గాట్లు పడతాయి. చిన్న గాట్లయితే సన్న ఆకురాయితో మెత్తగా రాయొచ్చు, లోతుగా ఉంటే బాస్కెట్ మార్చాలి. మధ్యలోని చిన్న బేరింగ్ వేలితో తిప్పితే గరగర లేకుండా తిరగాలి.

కొన్ని బండ్లకు ఇదే కవర్ వెనక, క్రాంక్ కొస మీద గుండ్రటి ఆయిల్ ఫిల్టర్ ఉంటుంది. దాని మూత తీసి, లోపల గోడకు అంటుకున్న నల్లటి మడ్డిని తుడిచేయండి. మళ్లీ ఈ కవర్ ఎప్పుడు విప్పుతారో తెలియదు కదా.

8. తిరిగి బిగించడం

- స్టీల్ ప్లేట్లకు రెండు వైపులా ఆయిల్ రాయండి.
- మొదట ఫ్రిక్షన్, తర్వాత స్టీల్, మళ్లీ ఫ్రిక్షన్. చివర కూడా ఫ్రిక్షన్ ప్లేటే రావాలి.
- మీ ఫోటోల్లో చివరి ప్లేటు పళ్లు వేరే గాట్లలో ఉంటే అలాగే పెట్టండి. ఒక ప్లేటు మిగతావాటి కన్నా సన్నగా ఉన్నా, పక్కన పల్చటి రింగు ఉన్నా దాని చోటు మార్చొద్దు.
- హబ్, ప్రెజర్ ప్లేట్ పళ్లు ఒకదానిలో ఒకటి పూర్తిగా కూర్చోవాలి. చేత్తో నొక్కి చూస్తే ప్లేట్లు వదులుగా ఆడకూడదు. ఇది కూర్చోకుండా బోల్టులు బిగిస్తే ప్రెజర్ ప్లేట్ పగులుతుంది.
- లాక్ నట్టు ఉంటే మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు బిగించండి.
- స్ప్రింగు బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా. చిన్న బండ్లకు మామూలుగా 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు సరిపోతుంది. ఒంటి చేత్తో టీ-స్పానర్ బిగించినంతే అది, ఇంకా బలం పెడితే మరలు పోతాయి.

కవర్ పెట్టే ముందు పాత ప్యాకింగ్ ముక్కలన్నీ చెక్క ముక్కతో గీకి తీయండి. కొత్త ప్యాకింగ్ వేశాక సిలికాన్ మందు పూయాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. ఎక్కువగా పూస్తే లోపలికి పిండుకొచ్చిన ముక్కలు ఆయిల్ జాలీకి అడ్డం పడతాయి.

కవర్ అరచేత్తో తడితేనే కూర్చోవాలి. కూర్చోకపోతే కిక్ షాఫ్ట్‌ను, క్లచ్ ఆర్మ్‌ను కొంచెం తిప్పి చూడండి. బోల్టులతో లాక్కొచ్చి కూర్చోబెట్టొద్దు.

ఆయిల్ పోయండి, వైరు తగిలించండి, ఫ్రీ ప్లే రెండో మెట్టులో చెప్పినట్టే మొదటి నుంచి సెట్ చేయండి. పాత సెట్టింగ్ కొత్త ప్లేట్లకు సరిపోదు. ఇంజిన్ రెండు మూడు నిమిషాలు ఆన్ చేసి ఆపి, బండి నిటారుగా ఉండగా ఆయిల్ లెవెల్ చూడండి.

9. బిగించాక తేడా వస్తే

క్లచ్ నొక్కినా బండి లాగుతోంది: ఫ్రీ ప్లే ఎక్కువైంది, లేదా ప్లేట్లు నానలేదు. ముందు వైరు సర్దండి. స్టాండ్ మీద టాప్ గేర్‌లో నాలుగైదు సార్లు క్లచ్ నొక్కి వదిలితే అంటుకున్న ప్లేట్లు విడతాయి.

ఇంకా స్లిప్ ఉంది: వైరు, ఆయిల్ డబ్బా, స్ప్రింగులు. ఈ మూడూ ఇదే వరసలో చూడండి. ఒక ప్లేటు తక్కువ వేశామేమో కూడా లెక్క చూసుకోవాలి. న్యూస్‌పేపర్ మీద మిగిలి ఉంటే తెలుస్తుంది.

కవర్ చుట్టూ ఆయిల్ చెమ్మ: బోల్టులు మళ్లీ వరసగా బిగించి చూడండి. ఆగకపోతే ప్యాకింగ్ మడత పడింది, విప్పక తప్పదు.

లోపల కరకర శబ్దం: వెంటనే ఇంజిన్ ఆపేయండి. నడిపి చూద్దాం అనుకోవద్దు.

మొదటి 150, 200 కి.మీ. ఘాట్లు, డబుల్స్, ఒక్కసారిగా రేస్ ఇవ్వడం మానుకోండి. ఈలోపు కొత్త ప్లేట్లు సర్దుకుని ఫ్రీ ప్లే కొంచెం తగ్గుతుంది. వంద కిలోమీటర్ల దగ్గర ఒకసారి, రెండు వందల దగ్గర ఒకసారి లివర్ కొస కొలిచి, తగ్గినంత మేరకు వదులు చేయండి. ఆ తర్వాత మొదట చేసిన రోడ్డు పరీక్షే వేడి ఇంజిన్ మీద మళ్లీ చేసి చూసుకోండి.